విపత్తులను తట్టుకునే ప్రాంతీయ ప్లాన్‌లో జనాన్ని నిజంగా భాగం చేయడం ఎలా: సమగ్ర మార్గదర్శి

వరదలు, తుపాన్లు, కరువు, కొండచరియలు విరిగిపడటం లాంటి వాటిని తట్టుకోవడానికి ఒక ప్రాంతమంతటికీ ప్లాన్ వేస్తున్నప్పుడు ప్రజలతో మీటింగ్ పెట్టడం దాదాపు అన్నిచోట్లా జరిగేదే. కానీ ఆ మీటింగ్ ఏ దశలో పెడుతున్నారో గమనించండి. గట్టు ఎక్కడ వేయాలో మ్యాపు మీద గీసేశాక, డబ్బు దేనికెంతో పంచేశాక, రిపోర్టు ప్రింటుకు వెళ్లబోయే ముందు పెడతారు. అప్పుడు వచ్చినవాళ్లు ఎంత మంచి మాట చెప్పినా మారేదేమీ ఉండదు, ఆ సంగతి వచ్చినవాళ్లకూ అర్థమవుతుంది, అందుకే రెండోసారి పిలిస్తే రారు. ఆ తర్వాత ఆఫీసులో "జనానికి ఆసక్తి లేదు" అని రాసుకుంటారు.

అలా కాకుండా ఉండాలంటే రెండే రెండు విషయాలు పట్టుకోవాలి. ఏదీ ఖరారు కాకముందే జనాన్ని కూర్చోబెట్టాలి. వాళ్లు చెప్పిన ప్రతి మాటా ప్లాన్‌లో ఎక్కడికి చేరిందో, చేరకపోతే ఎందుకు చేరలేదో తిరిగి వాళ్లకే చూపించాలి. కింద చెప్పే మెట్లన్నీ ఈ రెండింటినీ ఆచరణలో ఎలా పెట్టాలన్నదాని గురించే. ప్లానింగ్ ఆఫీసుల్లో పనిచేసేవాళ్లను, స్వచ్ఛంద సంస్థలవాళ్లను, స్థానిక ప్రజాప్రతినిధులను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. మిమ్మల్ని ఎవరూ పిలవని పరిస్థితిలో ఉంటే, మీకోసం చివర ఒక భాగం ఉంది.

మెట్టు 1: ఏది మారుతుందో, ఏది మారదో ముందే తేల్చుకోండి

ఈ పని మీ ఆఫీసు లోపలే, జనం దగ్గరికి వెళ్లకముందే జరగాలి. ఒక కాగితం మీద మూడు గడులు గీయండి. మొదటి గడిలో ఇప్పటికే ఖరారైపోయినవి రాయండి: చట్టం పెట్టిన పరిమితులు, సగం కట్టేసిన రిజర్వాయరు, పై ప్రభుత్వం ఇచ్చే నిధుల షరతులు. రెండో గడిలో చర్చకు ఉన్నవి: గట్టు ఎత్తు పెంచాలా లేక నది నుంచి వెనక్కి జరిపి కట్టాలా, ఏ రోడ్డును ముందు ఎత్తు చేయాలి, ఏ భూముల్లో ఇళ్లకు అనుమతి ఆపాలి. మూడో గడిలో పూర్తిగా జనమే నిర్ణయించేవి: షెల్టరు ఏ బడిలో ఉండాలి, తాళం చెవి ఎవరి దగ్గర ఉండాలి, హెచ్చరిక ఏ దారిలో ఇంటింటికీ చేరాలి.

ఆ కాగితాన్ని మొదటి మీటింగ్‌లోనే అందరికీ పంచండి. "ఇది మా చేతిలో లేదు" అని మొదటిరోజే చెప్పేస్తే జనం కోప్పడతారని చాలామంది టెన్షన్ పడతారు గానీ, ఆరు నెలలు మాట్లాడించి చివర్లో చెప్పినప్పుడు వచ్చే కోపం ముందు అది చాలా చిన్నది. రెండో గడిలో రాయడానికి ఏమీ దొరకలేదంటే మాత్రం అభిప్రాయ సేకరణ పెట్టకండి. సమాచారం ఇవ్వడానికి ఒక నోటీసు సరిపోతుంది, అభిప్రాయం అడిగి పక్కన పెట్టేయడం అవమానించడమే. 1969లోనే షెర్రీ ఆర్న్‌స్టీన్ అనే అమెరికన్ పరిశోధకురాలు ప్రజల భాగస్వామ్యాన్ని 8 మెట్ల నిచ్చెనగా వివరిస్తూ, సమాచారం ఇవ్వడం, అభిప్రాయం అడగడం అనే రెండింటినీ మధ్య మెట్ల మీదే పెట్టారు. అంతటితో ఆగిపోతే అది మొక్కుబడే అన్నారు. ఇన్నేళ్ల తర్వాత కూడా చాలా ప్లాన్లు ఆ మధ్య మెట్టు దాటడం లేదు.

మెట్టు 2: ప్రాంతం హద్దును ప్రమాదాన్ని బట్టి గీయండి

పాలనా సరిహద్దులు నీటికి తెలియవు. నది వరద అయితే పరీవాహక ప్రాంతం మొత్తం, ఉప్పెన అయితే నీరు చొచ్చుకొచ్చే తీరమంతా, కార్చిచ్చు అయితే అడవి అంచున ఉన్న ఊళ్లన్నీ ఒకే ప్లాన్ కిందకి రావాలి. ఎగువన కొండవాలు చెట్లు కొట్టేస్తే దిగువన కాలువ పూడుతుంది, దిగువవాళ్లు వంతెన కింద అడ్డంగా మట్టి పోస్తే ఎగువన పొలాలు మునుగుతాయి. ఇద్దరూ ఒకే గదిలో కూర్చోకపోతే ఎవరి ప్లాన్ వాళ్లది, నీళ్ల దారి నీళ్లది.

కాబట్టి మొదట్లోనే ఆ హద్దులోని ప్రతి స్థానిక సంస్థ నుంచి ఒక అధికార ప్రతినిధి, ఒక సాధారణ నివాసి ఉండేలా ఒక కమిటీ వేయండి. ఎవరికి ఎన్ని ఓట్లు, ఏకాభిప్రాయం కుదరకపోతే ఏం చేయాలి, మినిట్స్ ఎవరు రాస్తారు, ఎన్ని రోజుల్లో బయటపెడతారు అన్నవి గొడవ రాకముందే రాసుకోవాలి. గొడవ వచ్చాక రాసే నియమాన్ని ఎవరూ నమ్మరు.

మెట్టు 3: రానివాళ్లెవరో లెక్క తీయండి

మీటింగ్‌కి వచ్చినవాళ్ల సంతకాల పుస్తకం అందరూ దాచుకుంటారు. దానికన్నా ముఖ్యమైన జాబితా రానివాళ్లది. సొంత ఇల్లున్నవాళ్లు వస్తారు, అద్దెకుండేవాళ్లు రారు, ఎందుకంటే నోటీసు ఇంటి యజమాని పేరు మీద వెళుతుంది. సీజన్‌కి వచ్చే వలస కూలీలు ఏ జాబితాలోనూ ఉండరు, కానీ వరద వచ్చే నెలల్లో పల్లపు నేలల్లో గుడిసెలు వేసుకుని ఉండేది వాళ్లే. మంచం మీద ఉన్నవాళ్లు, చూపు లేనివాళ్లు, వినపడనివాళ్లు, చిన్నపిల్లల తల్లులు, రాత్రి షిఫ్టులో పనిచేసేవాళ్లు, అక్కడి పెద్ద భాష రానివాళ్లు, వీళ్లందరికీ విడివిడిగా కారణాలున్నాయి.

వీళ్లు లేని ప్లాన్ ఎంత ఘోరంగా విఫలమవుతుందో 1991లో బంగ్లాదేశ్‌ను ముంచిన తుపాను చూపించింది. దాదాపు 1,40,000 మంది చనిపోయారు, అందులో మగవాళ్లకన్నా ఆడవాళ్లు చాలా ఎక్కువ. ఇంట్లో మగవాళ్లు వచ్చేదాకా కదలకూడదన్న కట్టుబాటు, పిల్లలను వదిలి వెళ్లలేకపోవడం, షెల్టర్లలో ఆడవాళ్లకు వేరే గది, మరుగుదొడ్డి లేకపోవడం, హెచ్చరిక మగవాళ్లు తిరిగే చోట్లకే చేరడం లాంటివి అందుకు కారణాలు. ఇందులో ఏ ఒక్కటీ ఇంజినీరింగ్ డ్రాయింగులో కనిపించదు. షెల్టరు కట్టేముందు ఆడవాళ్లను కూర్చోబెట్టి "రాత్రి 2 గంటలకు మీరు ఇక్కడికి రావడానికి ఏం అడ్డొస్తుంది?" అని అడిగితే పది నిమిషాల్లో బయటికొస్తుంది.

ఆచరణలో ఇలా చేయండి. జనాభా లెక్కలను, మీటింగ్‌కి వచ్చినవాళ్ల వివరాలను పక్కపక్కన పెట్టి చూడండి. తేడా పెద్దగా ఉన్న ప్రతి వర్గం దగ్గరికి మీరే వెళ్లండి, వాళ్లు పనిచేసే చోటికి, వాళ్లకు వీలైన వేళకి. ఆడవాళ్లతో, అద్దెకుండేవాళ్లతో, యువతతో విడిగా కూర్చున్నాక, అప్పుడు ఉమ్మడి మీటింగ్ పెట్టండి. మొదటే అందరినీ ఒకే హాల్లో కూర్చోబెడితే మైకు నలుగురి చేతుల్లోనే తిరుగుతుంది, ఆ నలుగురు మాట్లాడిందే ఆ ఊరి అభిప్రాయమైపోతుంది.

ఖర్చుల విషయం కూడా మొహమాటం లేకుండా మాట్లాడుకోవాలి. కన్సల్టెంటుకి రోజుకింత అని ఇచ్చినప్పుడు, రోజు కూలి వదులుకుని వచ్చి తన నేల గురించి చెప్పినవాళ్లకు ఆ కూలి ఇవ్వాలి. రానుపోను ఖర్చు, పిల్లలను చూసుకునే ఏర్పాటు, అనువాదకులు, సంజ్ఞాభాష చెప్పేవాళ్లు, వీల్‌చైర్ వెళ్లే దారి, ఇవన్నీ మొదటి బడ్జెట్‌లోనే ఉండాలి. తర్వాత చేర్చుదామనుకుంటే చేరవు.

మెట్టు 4: మ్యాపును జనంతో కలిసి తయారుచేయండి

నా దృష్టిలో మొత్తం ప్రక్రియలో అన్నిటికన్నా ఫలితమిచ్చే మెట్టు ఇదే, అందుకే కాస్త ఎక్కువ చెబుతాను.

ముందు నడవండి. ఇంజినీరు, పక్కన అక్కడే పెరిగిన ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్లు, ఇద్దరు బడిపిల్లలు, ఒక ఆశా వర్కరు లాంటి ఇంటింటికీ తిరిగే ఆరోగ్య కార్యకర్త, ఇలా ఒక చిన్న గుంపుగా ఎత్తైన చోటు నుంచి పల్లం దాకా ఒక గీతలా నడుచుకుంటూ వెళ్లండి. ఆగిన ప్రతిచోటా మూడే ప్రశ్నలు: నీళ్లు ఎంత ఎత్తున వచ్చాయి, ఎటునుంచి వచ్చాయి, ఎన్నాళ్లు నిలిచాయి. గోడ మీద మరక ఉంటే టేపుతో కొలిచి ఫోటో తీసి, ఫోన్‌లో లొకేషన్ నమోదు చేయండి. మూడో ప్రశ్న చాలామంది అడగరు, కానీ మోకాలి లోతు నీళ్లు రెండు గంటలు ఉండటానికీ, రెండు వారాలు ఉండటానికీ మధ్య జీవితాలే తారుమారవుతాయి.

తర్వాత అట్టలతో నమూనా కట్టండి. ఫిలిప్పీన్స్‌లో విపత్తుల పనికి ఈ పద్ధతిని బాగా వాడారు. నేల ఎత్తుపల్లాలు చూపే టోపోగ్రఫీ మ్యాపులో ఉన్న ఒక్కో కాంటూరు గీత (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీత) ప్రకారం అట్టను కోసి ఒకదాని మీద ఒకటి అంటిస్తూ పోతే కొండలు, వాలు, వాగులు బల్ల మీద లేచి నిలబడతాయి. 1:5,000 స్కేలు తీసుకుంటే నమూనాలో 1 సెంటీమీటరు నేల మీద 50 మీటర్లు, అంటే తమ ఇల్లు ఎక్కడో ఎవరికి వాళ్లు వేలుపెట్టి చూపించగలరు. చదునైన నేలలో తేడా కనబడాలంటే ఎత్తును కాస్త పెంచి కట్టాల్సి ఉంటుంది, అలా పెంచిన సంగతి అందరికీ చెప్పాలి. వాగులకు నీలం రంగు, రోడ్లకు దారం, ఇళ్లకు గుండుసూదులు. ఎవరి సాయం లేకుండా కదలలేనివాళ్లున్న ఇంటికి వేరే రంగు సూది గుచ్చండి, పేర్లు మాత్రం రాయకండి, ఆ వివరం ఆరోగ్య కార్యకర్త దగ్గరే ఉండాలి.

ఇప్పుడు అసలు పని. పోయినసారి నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో ఒక ఎర్ర ఊలు దారంతో నమూనా మీద జనాన్నే పరచమనండి. కంప్యూటర్ లెక్క ప్రకారం నీళ్లు ఎక్కడిదాకా రావాలో ఇంజినీరును ఒక పచ్చ దారంతో పరచమనండి. రెండు దారాలూ చాలాచోట్ల కలిసే పోతాయి. విడిపోయిన చోటే ఆగండి, ఆ రోజు చర్చంతా అక్కడే. ఒక్కోసారి కంప్యూటర్ మోడల్‌లో రోడ్డు కింది తూము లేదు, జనానికి ఉంది, లేదా తూము ఉంది గానీ ఏళ్లుగా చెత్తతో పూడిపోయి ఉంది. ఒక్కోసారి జనం చెప్పినదానికన్నా మోడల్ చూపించే ముంపు ఎక్కువ, ఎందుకంటే అంత వాన వాళ్ల జీవితకాలంలో పడలేదు. ఇలాంటప్పుడు ఇంజినీరు ఏదో నేర్చుకుంటారు, ఊరివాళ్లూ ఏదో నేర్చుకుంటారు, ఒకరి మీద ఒకరికి నమ్మకం కుదిరేది కూడా ఈ బల్ల చుట్టూ నిలబడినప్పుడే.

పై నుంచి ఫోటోలు తీసి క్యూజీఐఎస్ లాంటి మ్యాపులు తయారుచేసే ఉచిత సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కిస్తే అది మామూలు డిజిటల్ మ్యాపుగా మారుతుంది, ప్లాన్‌లో పెట్టొచ్చు. అట్టలతో కుదరనంత పెద్ద నగరమైతే వేరే దారి ఉంది. టాంజానియాలోని దార్ ఎస్ సలామ్‌లో 2015 నుంచి యూనివర్సిటీ విద్యార్థులు, వార్డుల్లోని నివాసులు కలిసి ముంపు బస్తీల్లోని ఇళ్లను, కాలువలను ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ (ఎవరైనా ఉచితంగా చూసి, వివరాలు చేర్చగల ఆన్‌లైన్ మ్యాపు) మీద ఒక్కొక్కటిగా నమోదు చేశారు. అంతకుముందు చాలా బస్తీలకు సరైన మ్యాపే లేదు. మ్యాపు అందరికీ అందుబాటులో ఉండటం వల్ల నగరపాలక సంస్థా, సహాయ సంస్థలూ, బస్తీవాళ్లూ ఒకే మ్యాపు ముందు పెట్టుకుని మాట్లాడుకోగలిగారు.

మెట్టు 5: జ్ఞాపకాన్నీ శాస్త్రాన్నీ ఒకదానితో ఒకటి సరిచూడండి

ఇండోనేషియాలో సిమెలూ అనే దీవి ఉంది. 1907లో అక్కడ సునామీ వచ్చి చాలామందిని బలితీసుకుంది. బతికినవాళ్లు దాన్ని "స్మోంగ్" అనే పేరుతో పాటలుగా, కథలుగా పిల్లలకు చెబుతూ వచ్చారు: నేల గట్టిగా కంపించి, సముద్రం వెనక్కి వెళ్లిందంటే ఇంక దేనికోసమూ ఆగకుండా కొండెక్కాలి. 2004 డిసెంబర్ 26న భూకంప కేంద్రానికి అతి దగ్గరలో ఉన్న ఆ దీవిలో దాదాపు 78,000 మంది ఉంటే చనిపోయింది 7 మంది. ఏ సైరనూ మోగలేదు. ఇలాంటి జ్ఞానం మీ ప్రాంతంలో ఏ రూపంలో ఉందో వెతికి ప్లాన్‌లో రాయండి, అనుబంధంలో పడేయకుండా హెచ్చరికల అధ్యాయంలోనే.

అయితే జ్ఞాపకానికి ఒక హద్దు ఉంది. "మా తాతల కాలం నుంచి నీళ్లు ఈ రాయి దాటలేదు" అన్న మాట నిజమే కావచ్చు, కానీ వాతావరణం మారుతోంది, పైన కాంక్రీటు పెరిగింది, వచ్చేసారి ఆ రాయి దాటొచ్చు. ఆఫీసు మ్యాపులకూ ఇదే వర్తిస్తుంది. జపాన్‌లోని కమైషిలో 2011 సునామీ వచ్చినప్పుడు ఉనొసుమాయి అనే చోట రెండు బడులు హజార్డ్ మ్యాపు (ప్రమాదం ఎక్కడిదాకా రావొచ్చో చూపే ఆఫీసు మ్యాపు) ప్రకారం ముంపు గీతకు బయటే ఉన్నాయి. పెద్దపిల్లలు ఆ గీతను నమ్ముకోకుండా పరుగు తీశారు, వాళ్లను చూసి చిన్నపిల్లలూ కదిలారు, మొదట చేరిన చోటు కూడా క్షేమం కాదనిపించి ఇంకా పైకి వెళ్లారు. ఆ రెండు బడులూ నీళ్లలో మునిగాయి. ఆ రోజు బడిలో ఉన్న పిల్లలు బతికారు. అంతకుముందు కొన్నేళ్లుగా వాళ్లకు నేర్పిన మొదటి పాఠమే "అంచనాలను గుడ్డిగా నమ్మకండి" అన్నది.

సంభావ్యత గురించి చెప్పేటప్పుడు ఒక జాగ్రత్త. "100 ఏళ్లకోసారి వచ్చే వరద" అన్న మాట వాడకండి. పోయిన ఏడే వచ్చింది కాబట్టి ఇంక 99 ఏళ్లు రాదనే అందరూ అనుకుంటారు. దాని అర్థం ఏటా 1 శాతం అవకాశం ఉందని. ఒకరు ఇంటి అప్పు కట్టే 30 ఏళ్ల కాలంలో కనీసం ఒక్కసారైనా వచ్చే అవకాశం 26 శాతం, అంటే నాలుగింట ఒక వంతు కన్నా కాస్త ఎక్కువ. ఇలా చెబితే ఎవరైనా తమ ఇంటికి అన్వయించుకోగలరు.

మెట్టు 6: ఎగువ, దిగువల బేరాన్ని అందరి ముందూ పెట్టండి

ప్రాంతీయ ప్లాన్‌లో అసలు కష్టం ఇక్కడ మొదలవుతుంది. ఒక ఊరి గట్టు ఎత్తు పెంచితే ఆ నీళ్లు ఇంకెక్కడికో వెళతాయి. నగరాన్ని కాపాడటానికి వరదనీటిని పొలాల్లోకి మళ్లిస్తే నగరానికి లాభం, రైతుకు నష్టం. ఇలాంటివి లోపల గదుల్లో తేల్చేసి "సాంకేతిక కారణాలు" అని రాస్తే నష్టపోయేవాళ్లకు తర్వాత తెలిసి, కోర్టుల్లో ఏళ్ల తరబడి నలుగుతుంది.

నెదర్లాండ్స్‌లో 1993, 1995 వరదల తర్వాత (1995లో దాదాపు 2,50,000 మందిని ఖాళీ చేయించారు) గట్లు ఇంకా పెంచుకుంటూ పోకుండా నదికే ఎక్కువ చోటు ఇవ్వాలని ప్రభుత్వం నిర్ణయించింది. ఆ లెక్కలో ఓవర్‌డీప్ అనే పల్లపు ప్రాంతం వరదకు వదిలేయాల్సిన చోట్లలో ఒకటైంది. అక్కడి రైతులు వద్దని ఊరుకోలేదు, సరేనని వెళ్లిపోనూ లేదు. తామే ఒక ప్రతిపాదన తయారుచేశారు: గట్టు అంచున ఎత్తైన మట్టి దిబ్బలు పోసి వాటి మీద ఇళ్లు, పశువుల కొట్టాలు కడదాం, పెద్ద వరద వచ్చినప్పుడు పొలాల్లోకి నీళ్లు రానిద్దాం. ప్రభుత్వం దాన్నే తీసుకుంది. దిబ్బల మీద అందరికీ చోటు సరిపోలేదు, కొన్ని కుటుంబాలు వెళ్లిపోవాల్సి వచ్చింది కాబట్టి అందరూ సంతోషపడ్డారని చెప్పను. అయినా ఆ పరిష్కారం ఆఫీసులో కూర్చున్నవాళ్లకు తట్టేది కాదు.

మీరు పెట్టే బేర సమావేశంలో ప్రతి ప్రత్యామ్నాయానికీ ఒకే పేజీ ఉండాలి: దీనివల్ల ఎవరి ఇళ్లలో నీళ్లు ఎన్ని సెంటీమీటర్లు తగ్గుతాయి, ఎవరి దగ్గర ఎన్ని పెరుగుతాయి, నిర్వహణ ఖర్చు ఎవరు భరిస్తారు, నష్టపోయేవాళ్లకు ఏమిస్తారు, ఎప్పుడిస్తారు. ఎగువవాళ్లను ఒకసారి దిగువకు, దిగువవాళ్లను ఎగువకు తీసుకెళ్లి చూపించండి. చూసొచ్చాక మాట్లాడే తీరే మారిపోతుంది.

భద్రత ఒక్కటే కొలమానం కాదన్నది కూడా గుర్తుంచుకోండి. 2011 తర్వాత జపాన్ ఈశాన్య తీరం పొడవునా వందల కిలోమీటర్ల కాంక్రీటు గోడలు కట్టారు. ఒనగావా అనే మత్స్యకార పట్టణం మాత్రం సముద్రం కనిపించకుండా పోయే పెద్ద గోడ వద్దనుకుని, నేల ఎత్తు పెంచి ఇళ్లను పైకి జరిపి, దుకాణాలను కిందిభాగంలో ఉంచుకుంది. సముద్రాన్ని చూస్తూ బతికేవాళ్లకు అది కనిపించకపోవడం కూడా ఒక ప్రమాదమే. ఇలాంటి విలువలు జనం చెబితేనే తెలుస్తాయి.

ఎంత మాట్లాడినా తేలనివి కొన్ని మిగులుతాయి, ముఖ్యంగా సముద్రమట్టం ఎంత పెరుగుతుందన్నదాని మీద ఆధారపడేవి. అలాంటప్పుడు ఇవాళే అంతా తేల్చేయాలని పట్టుబట్టకండి. లండన్‌ను కాపాడే థేమ్స్ ఎస్ట్యురీ 2100 ప్లాన్‌లో సముద్రమట్టం లాంటి కొన్ని సూచికలను కొలుస్తూ, అవి ఫలానా హద్దు దాటితే ఫలానా పని మొదలుపెట్టాలని రాసుకున్నారు. మీరూ అలా రాసుకోవచ్చు: "ఈ కాలువ మూడేళ్లలో రెండుసార్లు పొంగితే రెండో దశ పని మొదలవుతుంది." కొలత ఎవరు తీస్తారో, ఎక్కడ ప్రకటిస్తారో కూడా పక్కనే రాయాలి.

ఊరు తరలించాల్సి వస్తే

ఇది మిగతా వాటిలో కలిపేసే విషయం కాదు, విడిగా నడపాలి. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో గ్రాంథమ్ అనే చిన్న ఊరిని 2011 జనవరిలో మెరుపు వరద ముంచేసింది. స్థానిక కౌన్సిల్ పక్కనే ఎత్తైన నేల కొని, కింద భూమి ఇచ్చినవాళ్లకు పైన భూమి అనే మార్పిడి పద్ధతి పెట్టింది. ఇష్టమున్నవాళ్లే వెళ్లొచ్చు. ఎవరికి ఏ ప్లాటు అన్నది లాటరీ తీశారు. కొత్త ఊరు ఎలా ఉండాలో జనంతో కలిసి గీశారు. అదే ఏడాది చివరికల్లా మొదటి కుటుంబాలు పైకి చేరాయి.

రెండోవైపు అమెరికాలోని లూసియానాలో సముద్రంలో కరిగిపోతున్న ఐల్ డి జాన్ చార్లెస్ దీవి ఉంది. అక్కడి మూలవాసుల తెగ తాము చెదిరిపోకుండా అంతా ఒక్కచోట ఉండాలని ఏళ్ల తరబడి తామే ప్లాన్ వేసుకుంది. 2016లో ఫెడరల్ ప్రభుత్వం 4.83 కోట్ల డాలర్లు ఇచ్చింది. ఆ డబ్బు రాష్ట్ర ప్రభుత్వం చేతికి వచ్చాక ప్లాన్ రూపం మారిపోయిందని, తమను పక్కకు నెట్టారని తెగ నాయకులు గట్టిగా నిరసన తెలిపారు. మొదటి కుటుంబాలు కొత్త ఇళ్లకు చేరేసరికి 2022 అయింది. డబ్బు ఎవరి ఖాతాలో పడుతుందో వాళ్లే చివరి మాట చెబుతారు కాబట్టి, ఖాతా మీద ఉమ్మడి అధికారం ముందే రాయించుకోవాలి.

మెట్టు 7: జవాబుల పట్టిక

చెప్పిన మాట ఎటు పోయిందో చూపించే పట్టిక ఇది. నాలుగు నిలువు గడులు చాలు: వచ్చిన మాట, ఎక్కడ ఎప్పుడు వచ్చింది, ఏం చేశాం, ప్లాన్‌లో ఏ పేజీ. ఒక వరుస ఇలా ఉంటుంది: "బడి షెల్టరుకు వెళ్లే దారిలో వాగు దాటాలి, వరదప్పుడు కుదరదు. తూర్పు వార్డు మహిళల మీటింగ్. అంగీకరించాం, షెల్టరును వాగుకు ఇవతలి భవనంలోకి మార్చాం. పేజీ 41." ఇంకో వరుస: "గట్టును 2 మీటర్లు పెంచాలి. ఉమ్మడి మీటింగ్. అంగీకరించలేదు, దిగువన రెండు ఊళ్లలో ముంపు పెరుగుతుంది, బదులుగా కాలువ వెడల్పు పెంచుతున్నాం. పేజీ 57."

కాదన్న వాటికి కారణం తేటగా రాయడమే ఇందులో ప్రాణం. "పరిశీలనలో ఉంది" అన్న మాట ఎక్కడా రాయకండి. పట్టికను ఆఫీసు గోడ మీదా, ప్రతి వార్డులోనూ అతికించండి, చదవలేనివాళ్లకు మీటింగ్‌లో గట్టిగా చదివి వినిపించండి. ముసాయిదా బయటపెట్టాక అభ్యంతరాలకు కనీసం రెండు నెలలైనా ఇవ్వండి, పని సీజన్‌లో పెట్టకండి.

మెట్టు 8: డబ్బు, బాధ్యత కింది స్థాయికి చేరాలి

1970 భోలా తుపానులో ఇప్పటి బంగ్లాదేశ్‌లో కనీసం 3 లక్షల మంది చనిపోయారు. ఆ తర్వాత 1972లో మొదలైన తుపాను సన్నద్ధత కార్యక్రమంలో ఇవాళ 70,000కు పైగా స్వచ్ఛంద కార్యకర్తలున్నారు, అందులో దాదాపు సగం మంది ఆడవాళ్లు. వాళ్లు బయటినుంచి వచ్చినవాళ్లు కాదు, ఆయా ఊళ్లవాళ్లే, జెండాలు ఎగరేస్తూ, మెగాఫోన్ పట్టుకుని ఇంటింటికీ తిరుగుతారు. 2020లో ఆంఫన్ తుపాను వచ్చినప్పుడు 20 లక్షలకు పైగా జనాన్ని షెల్టర్లకు చేర్చగలిగారు, అక్కడ మృతుల సంఖ్య పదుల్లోనే ఆగింది. షెల్టర్లు, గట్లు, ముందస్తు సూచనలు అన్నీ కలిసి సాధించిన ఫలితమిది, కానీ తలుపు కొట్టే మనిషి తెలిసిన మనిషి కాకపోతే చాలామంది ఇల్లు వదలరు.

కాబట్టి మీ ప్లాన్‌లో ప్రతి వార్డుకూ, ప్రతి ఊరికీ సొంతంగా ఖర్చుపెట్టుకోగల ఒక మొత్తం ఉండాలి: తూము శుభ్రం చేయడానికి, పడవ మరమ్మతుకి, టార్చిలైట్లకి, కార్యకర్తల శిక్షణకి. లెక్కలు ఊరి ముందే చదవాలి. చిన్న మొత్తమే అయినా చేతిలో ఉంటే ప్లాన్ మనది అనిపిస్తుంది.

ఏటా మాక్ డ్రిల్ పెట్టండి, పగటిపూట ఒకసారి, రాత్రి కరెంటు తీసేసి ఒకసారి. వీల్‌చైర్‌లో ఉన్నవాళ్లతో, పసిపిల్లల తల్లులతో కలిసి నడిచి టైమ్ చూడండి. ప్లాన్‌లో 15 నిమిషాలని రాసి అక్కడ 40 పడితే మారాల్సింది ప్లానే. నిజంగా విపత్తు వచ్చిపోయాక, నెల తిరిగేలోపు మళ్లీ అదే బల్ల దగ్గరికి అందరినీ పిలిచి కొత్త దారం పరచమనండి. మరకలు చెరిగిపోకముందే, సాయం పంపకం గొడవల్లో జ్ఞాపకాలు కలగాపులగం కాకముందే ఆ పని అయిపోవాలి.

మిమ్మల్ని ఎవరూ పిలవకపోతే

ప్లాన్ తయారవుతోందని తెలియగానే రాతపూర్వకంగా మూడు అడగండి: ముసాయిదా ఎప్పుడొస్తుంది, అభ్యంతరాలకు చివరి తేదీ ఎప్పుడు, ముంపు మ్యాపు కాపీ ఎక్కడ దొరుకుతుంది. మీ దేశంలో సమాచార హక్కు చట్టం ఉంటే దాని కింద అడగండి. ఈలోగా ఊరుకోకండి, పైన చెప్పిన నడక మీరే చేయొచ్చు. గోడల మీది మరకల కొలతలు, ఫోటోలు, తేదీలు, కదలలేనివాళ్లున్న ఇళ్ల సంఖ్య, పూడిపోయిన తూముల జాబితా, ఇవన్నీ రెండు మూడు పేజీల్లో పెట్టి సంతకాలతో ఇవ్వండి, అందినట్టు రసీదు తీసుకోండి. పక్క ఊరివాళ్లతో, ముఖ్యంగా ఎగువ ఊరితో, కలిసి ఇస్తే ఒక ఊరి ఫిర్యాదుగా కొట్టిపారేయడం కష్టం. కోపం ఎంత ఉన్నా అర్జీలో ముందు కొలతలు పెట్టండి, తర్వాత డిమాండ్లు, ప్రతి డిమాండ్ పక్కనా "ఒప్పుకోకపోతే కారణం రాతపూర్వకంగా ఇవ్వగలరు" అని రాయండి. జవాబు రాకపోతే అదే అర్జీని రసీదు నంబరుతో సహా పై అధికారికీ, స్థానిక పత్రికలకూ పంపండి.